మా వాకిట్లో కారు గొలుసు మార్చిన మేస్త్రి

మేస్త్రి పోయాడు. పోయిన వారం ఒక పొద్దున కుప్పం నుంచి వచ్చిన బస్సు కండక్టరు మా ఇంటి దాకా నడిచి వచ్చి చెప్పాడు.

"నర్సమ్మా, మీ పక్కింట్లో ఉన్నిన మెకానిక్ మేస్త్రి లేడంట. ఆయన కూతురు నీకు చెప్పమనింది. నిన్న తెల్లారేటప్పుడు పోయినాడంట. మద్యాన్నానికే మట్టి చేసేసినారు."

నేను అప్పుడే మదనపల్లె ఆసుపత్రిలో డ్యూటీ దిగి పుంగనూరు చేరుకున్నాను. చేతిలో సంచి ఇంకా కింద పెట్టలేదు. ఏడుపు రాలేదు. ఇరవై ఏళ్లుగా చావులు చూస్తూ ఉన్నదాన్ని, ఏడుపు అంత సులభంగా రాదు. అరుగు మీద కూర్చుండిపోయాను. నేను ఇంకేమైనా అడుగుతానేమోనని చూసి, కండక్టరు వెళ్లిపోయాడు.

మీలో ఎవరూ ఆయన్ను ఎరగరు. ఆసుపత్రిలో జ్వరం చీట్లు తప్ప ఇంకేమీ రాయని దాన్ని నేను. అయినా ఆయన గురించి ఒక సంగతి నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. ఎందుకంటే ఆ తప్పు నాది.

డెబ్బైలలో, నేను పెళ్లయి పుంగనూరు వచ్చేసరికే ఆయన మా పక్కింట్లో ఉన్నాడు. భార్య లేదు. ఉన్న ఒక్క కూతురినీ కుప్పంలో ఇచ్చాడు. మదనపల్లె రోడ్డులో రేకుల షెడ్డు ఆయనది. మా ఆయన బాడుగకు తిప్పే అంబాసిడర్ కారుకు వైద్యం అంతా మేస్త్రే. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. నేను స్టెతస్కోపు పెట్టినట్టే. "నువ్వూ నేనూ ఒగటే పని నర్సమ్మా. నీ బండ్లు నోరు తెరిసి చెప్తాయి, నావి చెప్పవు, అంతే తేడా" అనేవాడు. పని మొదలుపెట్టే ముందు మెల్లగా బిస్మిల్లా అనుకునేవాడు. టీ ఎప్పుడూ సాసర్లో పోసుకునే తాగేవాడు. ఏ బండినీ తిట్టగా నేను వినలేదు. బోల్టు రాకపోతే, "దానికి కోపం సూపిస్తే తెగి సేతికొస్తాది. కొంచిం సేపు ఇడిసిపెట్టు" అని బీడీ ముట్టించేవాడు.

ఎనభైల మొదట్లో మా ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా అయిపోయింది. వారానికి మూడు రోజులు మదనపల్లెకు తీసుకుపోయి కాలికీ చేతికీ కసరత్తు చేయించాలన్నారు. మనిషిని ఎత్తి బస్సులో కూర్చోబెట్టడం రెండు నెలలు చేశాను. నా నడుము పోయింది. అప్పుడు మేస్త్రే అన్నాడు. "కారు వాకిట్లో ఊరికే పడి ఉండాది. నువ్వే యాల తోలగూడదు?"

పక్కన కూర్చుని నేర్పింది కూడా ఆయనే. వెనక సీట్లో ఆనుకుని మా ఆయన ముద్దమాటలతో గేరు, బ్రేకు అని అరుస్తుండేవాడు. ఆడమనిషి కారు తోలుతూందని బజారులో జనం నిలబడి చూసేవాళ్లు. నాకు సిగ్గుపడే ఓపిక కూడా ఉండేది కాదు. మా ఆయన్ను తీసుకుపోవడం, కసరత్తుకు వదలడం, నా డ్యూటీ చేసుకోవడం, మళ్లీ తీసుకురావడం. అట్లా రెండేళ్లు గడిచాయి. ఆ రెండేళ్లలో నేను ఎవరితోనూ నవ్వుతూ మాట్లాడినట్టు గుర్తు లేదు.

ఆ తర్వాత కారు ముందు భాగంలో నుంచి గలగలమని చప్పుడు మొదలైంది. మేస్త్రి స్క్రూడ్రైవరు ఆనించి విన్నాడు. "టైమింగు చైను సాగిపోయినాదమ్మా. తెగితే దావలో నిలబడిపోతావు. మార్చాల" అన్నాడు. ఇంజను లోపల కింద ఒక పళ్ల చక్రం, పైన ఒక పళ్ల చక్రం ఉంటాయట. రెండింటినీ కలిపి తిప్పే గొలుసు అది. అది సరిగ్గా ఉంటేనే గాలి, పెట్రోలు లోపలికి పోయే వేళకు పోయి, పొగ బయటికి వచ్చే వేళకు వస్తుంది. మదనపల్లె మోటారు సామాన్ల అంగడిలో చెప్పి బెంగుళూరు నుంచి కొత్త గొలుసు తెప్పించాను.

"షెడ్డుకు ఎప్పుడు తీసుకురావాల?" అని అడిగాను.

"షెడ్డుకు వద్దు. మీ వాకిట్లోనే చేస్తాం. నువ్వు పక్కన ఉండు, చాలు."

ఎందుకో నాకు అర్థం కాలేదు. శనివారం పని మొదలుపెట్టాక ఒక గంటలో అర్థమైంది. నీళ్లు వదిలేసి రేడియేటరు దించాడు, ఫ్యాను బెల్టు తీశాడు. పానా కావాలంటే చూసి తీసుకోవడం లేదు. గోనెపట్ట మీద వరసగా పెట్టినవాటిని వేళ్లతో తడిమి తీసుకుంటున్నాడు. నేను టీ గ్లాసు అందిస్తే ఆయన చేయి గ్లాసుకు జానెడు పక్కగా వచ్చింది. నేను నర్సును గదా.

"మేస్త్రీ, ఎన్నాళ్లనుంచి?" అన్నాను.

ఆయన చేయి ఆగిపోయింది.

"ఏడాది దాటింది. మదనపల్లెలో కండ్ల డాక్టరుకు సూపించుకున్నాను. నరం సచ్చిపోతా ఉండాదంట, మందు లేదంట. ఒక పక్క మసగ్గా ఆకారాలు తెలుస్తాయి, అంతే." గొంతు తగ్గించాడు. "ఎవురికీ చెప్పొద్దమ్మా. తెలిస్తే ఒక్కడు కూడా బండి ఈయడు. నా సేతులకు అన్నీ తెలుసు."

చెప్పనన్నాను. ఆ రోజంతా ఆయన చేతులు, నా కళ్లు కలిసి పనిచేశాయి. విప్పిన బోల్టులు ఏ వరసలో విప్పామో ఆ వరసలోనే పాత పేపరు మీద పెట్టించాడు. "ఊడదీసేది అందరికీ వస్తాది. యాడ నుంచి ఊడదీసినామో గుర్తు పెట్టుకునేదే పని" అన్నాడు. సాయంత్రానికి ముందు మూత ఊడింది. సాగిపోయిన గొలుసు పాత చీర అంచులాగా వదులుగా వేలాడుతూ కనిపించింది.

ఆదివారం నేను చర్చికి పోలేదు. కొత్త గొలుసు వేసేది ఆ రోజే. రెండు చక్రాల మీదా గసగస గింజంత గుంట ఒక్కొక్కటి ఉంటుంది. చుక్క అంటారు దాన్ని. గొలుసు వేసేటప్పుడు ఆ రెండు చుక్కలూ ఎదురెదురుగా రావాలి. ఒక్క పన్ను అటూ ఇటూ అయినా ఇంజను సరిగ్గా నడవదు. మేస్త్రి గొలుసును రెండు చక్రాలకూ తొడిగి, రెంటినీ కలిపి ఇరుసుల మీద ఎక్కించాడు. "ఇప్పుడు సూడమ్మా. రెండు సుక్కలూ ఎదురెదురుగా ఉండాయా?"

సరిగ్గా అప్పుడే లోపల నుంచి మా ఆయన పిలిచాడు. పొద్దుటినుంచి అది నాలుగోసారి. పక్క తడిసి ఉంటుందని నాకు తెలుసు. వంగి ఒక్క చూపు చూశాను. చుక్కలాగా ఏదో కనబడింది.

"ఉండాయి."

"నిదానంగా ఇంకోసారి సూడమ్మా. ఆ పై చక్రం మీద పాత సుత్తి దెబ్బలు కూడా ఉంటాయి."

నాకు ఎక్కడ లేని విసుగు పుట్టింది. "చూసినాను అంటాండాను గదా! నాకు కండ్లు ఉండాయి."

ఆ మాట నా నోట్లో నుంచే వచ్చింది. మా ఆయన మళ్లీ పిలిచాడు. మేస్త్రి తల అటు తిప్పుకుని, "సరేమ్మా" అన్నాడు. నేను లోపలికి పోయాను. పక్క మార్చి, ఒళ్లు తుడిచి బయటికి వచ్చేసరికి ఆయన మూత బిగించేస్తున్నాడు.

మధ్యాహ్నం మూడు దాటాక అన్నీ ఎక్కించి, నీళ్లు పోసి, కారు స్టార్ట్ చేశాను. చాలాసేపు అందుకోలేదు. అందుకున్నాక కూడా తుమ్మినట్టు, దగ్గినట్టు చప్పుడు. మిట్ట ఎక్కే పాటి బలం కూడా లేదు. ఆదివారం కాబట్టి వీధిలో మనుషులు ఉన్నారు. చౌడేపల్లె నుంచి పాలు తెచ్చే వ్యాను యజమాని గోడ దగ్గర నిలబడి చూస్తున్నాడు. తన వ్యాను ఇంజను మరునాడు మేస్త్రి చేతికి అప్పజెప్పాలని వచ్చినవాడు. ఏళ్ల తరబడి మేస్త్రికి నికరంగా పని ఇస్తున్నది ఆయనే.

మేస్త్రి ఒక నిమిషం విన్నాడు. "ఆపమ్మా. ఒక పన్ను తప్పినాది" అన్నాడు.

వ్యాను యజమాని నవ్వాడు. "ఏంది మేస్త్రీ, నీ సేతిలో కూడా పన్ను తప్పుతాదా? ఎవురు సూసినారు సుక్కలు?"

నేను స్టీరింగు దగ్గరే కూర్చుని ఉన్నాను. నోరు తెరవాల్సింది. తెరవాలనే అనుకున్నాను.

"నేనే" అన్నాడు మేస్త్రి. "నా కండ్లు పోయినాయప్పా. సుక్క కనపళ్లేదు. ఏడాదిగా ఇంతే."

వ్యాను యజమాని ముఖంలో నవ్వు పోయింది. "అట్లనా" అని రెండుసార్లు అన్నాడు. చెడ్డవాడేం కాదు. మేస్త్రి భుజం మీద చేయి వేసి ఏదో ఓదార్పు మాట చెప్పాడు. కానీ మరునాడు వ్యాను పలమనేరులో ఇంకో షెడ్డుకు పోయింది. వారం తిరిగేసరికి పుంగనూరు అంతా తెలిసింది. నెల తిరిగేసరికి ఆ రేకుల షెడ్డుకు తాళం పడింది.

అంతకుముందు, సోమవారం పొద్దున మేస్త్రి మళ్లీ వచ్చాడు. నేను సెలవు పెట్టాను. మళ్లీ అంతా విప్పాం. పై చక్రం బయటపడగానే ఆయన నా చూపుడు వేలు పట్టుకుని ఒకచోట ఆనించాడు. "ఇది సుత్తి దెబ్బ. సూడు, అంచు గరుగ్గా ఉండాది." ఇంకొంచెం పక్కకు జరిపాడు. "ఇది సుక్క. నున్నగా, గుండ్రంగా ఉండాదా?"

ఉంది. వేలికి స్పష్టంగా తెలుస్తూ ఉంది. నాకే తెలుస్తూంటే నలభై ఏళ్లు ఇనుము పట్టిన ఆ వేళ్లకు తెలియదా? ముందు రోజు నేను లోపలికి పోయినప్పుడు ఒక్కసారి తడిమి ఉంటే చాలు. ఆయన తడమలేదు. ఎందుకని అడగలేదు నేను. క్షమించమనీ అనలేదు. గొలుసు సరిగ్గా పడింది. కారు మెత్తగా, చప్పుడు లేకుండా అందుకుంది. మేస్త్రి చెవి ఆనించి విని, "బాగుండాది" అని, కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుని ఇంటికి పోయాడు. నేను లోపలికి పోయి మా ఆయనకు గంజి పోశాను. అంత అలసటలో మనిషి మంచీ చెడూ రెండూ రేపటికి వాయిదా వేస్తాడు. నా రేపు ఐదేళ్లకు గానీ రాలేదు.

రెండు నెలల తర్వాత కూతురు వచ్చి ఆయన్ను కుప్పం తీసుకుపోయింది. ఆ కారు మా ఆయన్ను ఇంకో నాలుగేళ్లు మదనపల్లెకు తిప్పింది. చివరి ఏడాది ఆయన కర్ర పట్టుకుని వాకిలి దాకా నడిచాడు. ఆయన పోయాక కారు అమ్మేశాను. ఒక సెలవు రోజు బస్సెక్కి కుప్పం పోయాను.

మేస్త్రి, కూతురి ఇంటి ముందు కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాడు. చూపు పూర్తిగా పోయింది. నా అడుగు విని, "నర్సమ్మా!" అన్నాడు. మా ఆయన సంగతి అడిగాడు. చెప్పాను.

"ఆ పొద్దు తప్పు నాది మేస్త్రీ" అన్నాను. "సరిగ్గా చూడకనే చూసినానని చెప్పినాను. పైగా అనకూడని మాట అన్నాను."

"తెలుసు గదమ్మా."

"తెలిసి యాల తడిమి చూడలేదు?"

"నువ్వు సూసినానన్నాక నేను తడిమితే నిన్ను నమ్మనట్టయితాది. పన్ను తప్పితే మళ్లీ ఇప్పుకోవచ్చు. అది పెద్ద కష్టం కాదు."

"అంతమందిలో నీ కండ్ల సంగతి యాల చెప్పినావు? నా పేరు చెప్పింటే పోయేది గదా. నీ పని నిలిచేది."

ఆయన చింతగింజ ఒకటి తీసి పక్కన వేశాడు. "ఆ దినం నీ నెత్తిన బరువు తక్కువగా ఉన్నిందా, ఇంకొకటి పెట్టడానికి? నాదంటావా, ఎట్లాగూ బయటపడే సంగతే. రేపు ఇంకొకరి బ్రేకుల కాడ తప్పు చేసింటే? నాకే బయంగా ఉన్నిండె. ఆపేదానికి ఒక సాకు కావాల్సి ఉండె. దొరికింది."

అది నిజమో, నన్ను తేలిక చేయడానికి అన్నాడో ఈ రోజుకూ నాకు తెలియదు. అడిగితే మాత్రం ఆయన నిజం చెప్పేవాడా? లోపలికి తిరిగి, "అమ్మా, నర్సమ్మకు టీ పెట్టు, పొద్దుటినుంచి ఏమీ తిన్నట్టు లేదు, గొంతు సూడు ఎట్లుండాదో" అని కూతురికి చెప్పాడు. ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లైనా పోయి చూసి వచ్చేదాన్ని. ఈ ఏడు పోలేదు. డ్యూటీలు, నా మోకాళ్లు, రేపు పోదాం ఎల్లుండి పోదాం అనుకుంటూ ఉండగానే కండక్టరు వచ్చాడు.

మొన్న కుప్పం పోయాను. మట్టి చేసి అప్పటికి నాలుగు రోజులు. పలకరించే వాళ్లు కూడా వచ్చిపోయారు, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నేనూ ఆయన కూతురూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఎండ వాలేముందు ఆమె లేచి, పెరట్లో దండెం మీద ఆరిన బట్టలు తెచ్చింది. పిల్లల గౌన్లు, తన చీర, వాటి నడుమ మేస్త్రి తెల్ల చొక్కా. ఆయన పోయే ముందు రోజు ఉతికిందట, ఆ హడావిడిలో దండెం మీదే ఉండిపోయిందట. అన్నీ మడిచి బీరువాలో ఎవరి అరలో వాళ్లవి పెట్టింది. చొక్కాను కూడా ముడతలు అరచేత్తో సాపు చేసి, చేతులు లోపలికి మడిచి, గుండీలు పెట్టింది. పెట్టి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక ఇంటి నడుమ నిలబడిపోయింది.