"వి ఓన్లీ" ఇల్లు

మా ఆఫీసులో ఎవరూ చచ్చిపోరు, ఎక్స్‌పైర్ అవుతారు. ఎవరికీ క్యాన్సర్ రాదు, "సి" వస్తుంది. ఆ ఒక్క అక్షరం కూడా గొంతు తగ్గించి, చుట్టూ చూసి అంటారు, గట్టిగా అంటే తమకు అంటుకుంటుందేమోనని. ఎవరి ఉద్యోగమైనా ఊడబీకితే "రిలీజ్ చేశాం" అంటారు, అక్కడికేదో జైల్లోంచి వదిలిపెట్టినట్టు. రాయదుర్గంలో ఓ అద్దాల టవర్‌లో కూర్చుని ఏళ్ల తరబడి ఈ ఇంగ్లిష్ వింటున్నాను. ఇల్లు వెతుక్కోవాల్సి వచ్చేదాకా అది నాకు ఉత్త వినోదం.

అప్పట్లో మేం కొండాపూర్‌లో లిఫ్టు లేని బిల్డింగులో, మూడో అంతస్తులో ఉండేవాళ్లం. అత్తయ్యకు మోకాలి ఆపరేషన్ అయింది. ఆదివారం చర్చికి తీసుకెళ్లాలంటే నేనొక రెక్కా, మా ఆయనొక రెక్కా పట్టుకుని దించాలి. తిరిగొచ్చాక ఆవిడ నొప్పితో సాయంత్రం దాకా మంచం దిగేది కాదు. కొన్నాళ్లు అలా లాక్కొచ్చి, చివరికి "నన్నిక చర్చికి తీసుకెళ్లొద్దులేమ్మా, ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటాను" అంది. చర్చి మానెయ్యడమంటే ఆవిడకు తిండి మానెయ్యడమే. లిఫ్టున్న ఇల్లు చూడాలని ఆ రోజే నిర్ణయించుకున్నాం.

ఒక బ్రోకర్‌ను పట్టుకున్నాం. అతను ఫోన్‌కి పంపిన ప్రకటనల నిండా అక్షరాలే. "ఎఫ్ ఓన్లీ" అంటే కుటుంబాలకే, పెళ్లికానివాళ్లు రావద్దని. "వి ఓన్లీ" అంటే శాకాహారులకే. ఇంట్లో మాంసం వండబోమని మాటిస్తే సరిపోతుందా అని అడిగాను. అత్తయ్య కాళ్లకన్నా చేపల పులుసు ఎక్కువేం కాదు కదా.

బ్రోకర్ బండికి స్టాండు వేసి నావంక జాలిగా చూశాడు.

"మేడం, వి అంటే మీరు ఏం తింటరని కాదు, మీరు ఎవరని. కులం అడిగితే మంచిగుండదని ఓనర్లు గిట్ల రాస్తరు. మీరు జర చర్చి ముచ్చట తియ్యకుండ్రి, నేను మాట్లాడుత."

చదువుకున్నవాళ్ల మర్యాద చూడండి! కులం అడగడం అనాగరికమని వీళ్లకు తెలుసు. తెలిసి అడగడం మానేశారా అంటే లేదు, ఇంగ్లిష్‌లోకి మార్చి ఒక్క అక్షరానికి కుదించారు. ఎవరైనా నిలదీస్తే, అబ్బే, కూరగాయల సంగతండీ అని తప్పించుకోవచ్చు. ఇంతకన్నా మా ఊళ్లో మొహాన అడిగేవాళ్లే నయం, కనీసం తిరిగి తిట్టడానికైనా వీలుండేది.

నాలుగైదు ఇళ్లు అలా పోయాక, మా టీమ్‌లో సీనియర్ ఒకాయన ఆఫీసు గ్రూపులో తన ఫ్లాట్ గురించి పెట్టాడు. కొండాపూర్, నాలుగో అంతస్తు, రెండు లిఫ్టులు, చివర మామూలే, "వి ఓన్లీ". నాకు నవ్వొచ్చింది. నేను తెచ్చే రొయ్యల పచ్చడికి లంచ్‌లో అందరికన్నా ముందు చెయ్యి చాచేది ఈయనే. మహిళా దినోత్సవం నాడు మైకు వదలకుండా సమానత్వం గురించి మాట్లాడేదీ ఈయనే. నేరుగా వెళ్లి అడిగాను.

"ఆ వి సంగతి వదిలేయండి, అదంతా అసోసియేషన్ వాళ్ల గోల. మీరు మనవాళ్లు. శనివారం సార్‌ని, ఆంటీని తీసుకుని రండి, మా అమ్మగారు కూడా ఉంటారు" అన్నాడు.

మనవాళ్లు అన్న మాటకు నేను పొంగిపోయాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

శనివారం ముగ్గురం వెళ్లాం. లిఫ్టులో అత్తయ్య "ఒక్క మెట్టు కూడా ఎక్కక్కర్లేదే!" అని చిన్నపిల్లలా నవ్వింది. ఫ్లాట్‌లోకి వెళ్లాక వంటింటి గట్టు తడిమి చూసింది. తన మంచం ఎటువైపు వేసుకోవాలో మా ఆయనకు చూపించింది. అప్పుడు, హాల్లో కుర్చీ వేసుకుని కూర్చున్న వాళ్లమ్మగారు గొంతు సవరించుకున్నారు.

"ఏమనుకోకమ్మా. మావాడు మొన్ననే చెప్పాడు, మీరు కన్వర్టెడ్ అని. మేం పక్క ఫ్లాట్‌లోనే ఉంటాం, పూజలూ అవీ ఉంటాయి. మీకివ్వడం కుదరదు."

కన్వర్టెడ్! మా ముత్తాతల కాలం నుంచీ చర్చికి వెళ్తున్నాం. మాలో మతం మార్చుకున్నదెవరో మాకే తెలీదు. అది మతం గురించి అన్న మాట కాదని అక్కడున్న అందరికీ తెలుసు. కొడుకు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కుదరదని ఆఫీసులోనే చెప్పొచ్చు. చెప్పలేదు. తన మర్యాదకు మచ్చ రాకుండా, ఆ మాట తల్లితో అనిపించడానికి మోకాలి నొప్పితో ఉన్న మనిషిని మూడంతస్తులు దిగి వచ్చేలా చేశాడు. అత్తయ్య గట్టు మీంచి చెయ్యి తీసేసింది.

మాతోపాటు లిఫ్టులో దిగుతూ కొడుకు మొదలుపెట్టాడు. "అమ్మది కొంచెం ఓల్డ్ స్కూల్ అండీ. నాకు పర్సనల్‌గా సి అయినా, ఇంకేదైనా, అస్సలు ప్రాబ్లం లేదు."

సి అంటే క్రిస్టియన్ అట. ఆ భయంకరమైన జబ్బుకూ మాకూ వీళ్లు ఒకటే అక్షరం ఇచ్చారు.

"మేం మాదిగవాళ్లమండీ" అన్నాను. "మాట ఉండగా అక్షరాలెందుకు?"

"ప్లీజండీ, కొంచెం మెల్లగా. కింద మనుషులుంటారు."

కింద తలుపు తెరుచుకుంది. రెండు చేతులా కూరగాయల సంచులతో ఓ పెద్దావిడ లిఫ్టు కోసం నిలబడి ఉంది. అతను చటుక్కున నవ్వు పులుముకుని, "ఆఫీసు ఫ్రెండ్స్ ఆంటీ, ఊరికే చూసిపోదామని వచ్చారు" అన్నాడు.

"ఇంటికోసం వచ్చాం" అన్నాను గట్టిగా. "మాదిగవాళ్లమని ఇవ్వనన్నారు."

అత్తయ్య నా భుజం పట్టుకుని మెల్లగా బయటికి అడుగు వేసింది. మేమంతా దిగాక కూడా లిఫ్టు ఖాళీగా తెరుచుకునే ఉంది. పెద్దావిడ దానివంక చూసింది, అత్తయ్యవంక చూసింది. ఆ తర్వాత పక్కకు తిరిగి, ఆ బరువు సంచులతోనే ఆయాసపడుతూ మెట్లెక్కడం మొదలుపెట్టింది.