మైకులో చెప్పిన మాట

మా వినుత మొట్టమొదట సాధించింది ఒక తలుపు. అది చేరిన ఐటీఐలో ఆడపిల్లల టాయ్‌లెట్టుకు తాళమేసి, లోపల పాత మోటార్లు పెట్టుకున్యారు. ఆడపిల్లలు చేరరని తాళం. తాళముండాదని ఆడపిల్లలు చేరరు. ఎలక్ట్రీషియన్ క్లాసులో ఇదొక్కతే ఆడపిల్ల.

"ఆడపిల్లల ఐటీఐలో టైలరింగుకు మారుమ్మా, ఆడైతే తోడుంటాది" అని బుజ్జగించినారు సార్లు.

"ఆడ చేరితే ఈడ తాళం తీస్తారా సార్?" అనింది.

నెలలతరబడి అడిగి అడిగి, కడాకు మోటార్లు తానే బయటికి మోసి, ఆ తలుపు తెరిపించింది.

నేను దాని తాతను, తిరుమణి రంగప్పను. ఐదో తరగతి చదివినోణ్ణి. గొర్లు కాసిన వంశం మాది. మా భూమి ఇప్పుడు సోలార్ ప్యానెళ్ళ కింద ఉండాది. ఆ ప్యానెళ్ళు కడిగే పనికి ఆడోళ్ళను పిలుస్తారు, వైర్లు కలిపే పనికి పిలవరు. మా వినుత ఆ వైర్ల పరీక్షలో ఫస్ట్ క్లాసు. తుమకూరులో ఏడాది అప్రెంటిస్‌కు పిలుపొచ్చింది.

దాని నాయన, నా కొడుకు చిన్నరంగప్ప, "హాస్టల్లో ఉండేది వద్దు. ఈన్నే ప్యానెళ్ళు కడుగు" అనేసినాడు.

ఇంతలో వినుత ఫస్ట్ క్లాసులో పాసైందని ఊరోళ్ళు సన్మానం పెట్టినారు. చదివించినందుకు చిన్నరంగప్పకు శాలువా. బస్సు కాడికి బైకులో దింపినందుకు వాళ్ళన్న నందీశ్‌కు శాలువా. వద్దనకుండా ఉన్నందుకు నాకొకటి. వినుతకు కప్పేలోగా శాలువాలు అయిపోయినాయి. ఇంతలో మైకు కూడా ఆగిపోయింది. ఊరు చుట్టూరా కరెంటే, మా సభలో మటుకు లేదు. మైక్‌సెట్టోడు యాడ పోయినాడో తెలీదు. వినుతే మెయిన్ ఆపి, నిచ్చెనెక్కి, తెగిన వైరు పట్టుకునింది.

మా చిన్నరంగప్ప వారంగా బట్టీపట్టిన ప్రసంగం గొంతులోనే ఉండాది.

"బిరిన్నే కలపమ్మా."

"కలుపుతా నాయనా. ఫస్టు మాట తుమకూరు మాటే చెప్తావా?"

మా ఊర్లో నోటిమాట ఎన్నిసార్లైనా మారొచ్చు, మైకులో చెప్పింది మార్చేకి లేదు. గుడికి గంట ఇస్తానని ఎర్రిస్వామి మైకులో అనేసి, పొట్టేళ్ళు అమ్మి మరీ ఇచ్చినాడు. ఇది మా వాడికీ తెలుసు. జనం దిక్కు చూసినాడు, నిచ్చెన దిక్కు చూసినాడు.

"ఊరంతా కాసుకోనుండాది, ఒప్పుకోప్పా" అనింది ముందు వరసలోంచి లక్ష్మక్క.

తల ఊపినాడు. వైరు కలిసింది, మెయిన్ పడింది. మైకు కూసింది.

"మా బిడ్డను... తుమకూరుకు... అంపిస్తాం."

ఆడోళ్ళు చప్పట్లు ఆపకపాయె. మిగతా ప్రసంగం ఎవురికీ వినపళ్ళేదు. అదే మంచిదైంది.

నా శాలువా దాని సంచిలో పెట్టి బస్సెక్కించినా. తుమకూరులో చలి. ఈ ఏడు ఐటీఐలో ఇంకిద్దరు ఆడపిల్లలు చేరినారంట, తలుపు తెరిచే ఉండాదంట. మా వినుత అప్రెంటిస్ ముగించుకోని ఊరికి వచ్చేది 2026 జూలై 31న.