సింహాచలం బాబాయ్ బోరు నీళ్లు

నిన్న పొద్దున్నే ల్యాబ్ గ్రూప్‌లో మెసేజ్. "సింహాచలం ఇక లేరు."

వైజాగ్‌లో వీధికో సింహాచలం. ఇంకెవరో అయి ఉంటారులే అనుకున్నాను.

కాదు. మా ల్యాబ్ అటెండర్ సింహాచలం బాబాయే. హార్ట్ ఎటాక్.



తెలియనివాళ్లకి చెప్తున్నా. మేము ఆకుల రసంతో ఇనుప నానో పొడి చేస్తాం, మురికి నీళ్లు శుభ్రం చేయడానికి. ఆ ఆకులు కోసి తెచ్చేది బాబాయే.

ఓసారి వాన వెలిసిన మర్నాడే జామాకు కావాలన్నాను.

"ఇయాల ఆకు పనికిరాదు బాబూ. రసం పల్సగా దిగుద్ది. రెండ్రోజులు ఆగలేరేటి?"

పీహెచ్‌డీ నాదా నీదా అని వెటకారం చేశాను. ఆ రసంతో పొడి కట్టనే లేదు. బ్యాచ్ మొత్తం సింకులోకి.

పేపర్లో మాత్రం 'లోకల్‌గా సేకరించిన ఆకులు' అని రాశాను. ఆ లోకల్ ఈ మనిషే. పేరు ఎక్కడా వేయలేదు.

ఒకరోజు కూల్‌డ్రింక్ బాటిల్ నిండా వాళ్ల కాలనీ బోరు నీళ్లు తెచ్చాడు. పచ్చగా ఉన్నాయి.

"మీ నల్లపొడి ఇందులో ఎయ్యండి బాబూ. నానూ సూత్తాను."

వేశాం. టెస్టు పేరుతో డిస్టిల్డ్ వాటర్లో మేమే రంగు కలిపి, మేమే తీసేసే ఆట అక్కడ సాగలేదు. పచ్చదనం పోలేదు, పైగా పొడి తేలింది.

"పర్లేదు. ఇంకోపాలి సేద్దురుగాని" అన్నాడు.

పేపర్ అవ్వనీ బాబాయ్, తర్వాత నీ నీళ్ల పనే అన్నాను.

పేపర్ అయింది. ఇంకోటీ అయింది. వాటర్‌కి ఫండింగ్ లేదని అవే ఆకులతో ఇప్పుడు బ్యాటరీ మెటీరియల్ చేస్తున్నాను.

మిగిలిన ఆ బాటిల్ ర్యాక్‌లోనే ఉండేది. ఇన్‌స్పెక్షన్ అని పారబోసింది నేనే. బాబాయ్ చూశాడు.

ఇప్పుడైనా చేస్తావా అంటారేమో. చెయ్యను. నా సంగతి నాకు తెలుసు.

నిన్న సాయంత్రం వాళ్లింటి ముందు టెంట్ కింద కూర్చుంటే, బాబాయ్ కూతురు గ్లాసుతో నీళ్లిచ్చింది. తాగబోతూ రంగు చూశాను. ఆ పిల్ల కనిపెట్టేసింది.

"తాగండన్నా. బోరు నీళ్లు కాదు. మీరొత్తారని క్యాన్ తెప్పించాం."

వాళ్లు మాత్రం బిందెలోవే తాగుతున్నారు.

వెళ్లిరా బాబాయ్. నన్ను క్షమించొద్దు. నువ్వు మాత్రం చల్లగా నిద్రపో.