ఎనిమిది నిమిషాల తరుగు

దెయ్యాలూ గియ్యాలూ నేను నమ్మను. ముప్పై ఏళ్లుగా తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేస్తున్నాను. బస్తా విప్పి, చేత్తో తడిమి, వాసన చూస్తే గానీ బేరం మాట ఎత్తని రకం. ఎవరైనా ఇలాంటి సంగతి చెబితే "చాల్లేవయ్యా" అని లేచి వెళ్లిపోయేవాణ్ణి. అందుకే ఇప్పుడు ఇది రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

నా భార్య రత్నకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఏలూరు తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. పొద్దున్నే బస్సు ఎక్కితే భీమడోలు రాకముందే నా భుజం మీద తల వాల్చేసేది. మెషీన్ దగ్గర నాలుగు గంటలు. మళ్లీ బస్సు. ఇంటికొచ్చాక ఇద్దరం చెరో కుర్చీలో కూలబడేవాళ్లం. అన్నం వడ్డించుకోవడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

సూదుల బాధ ఓర్చుకునేది గానీ, ఆ నాలుగు గంటలు ఓర్చుకోలేకపోయేది. గడియారం వైపు చూడకు అంటే ఫోన్లో పాటలు లెక్కపెట్టేది. "ఇంకా నలభై పాటలున్నాయండీ" అని నీరసంగా నవ్వేది. ఒకరోజు బస్సులో, కూర ఏం వండమంటారు అని అడిగినంత మామూలుగా, "ఇంక చాలండీ, మానేద్దాం" అంది. మానేస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

పాట ఎక్కడ అయిపోయిందో తెలియకపోతే లెక్కపెట్టడం కుదరదు కదా అని తోచింది. మా అమ్మాయి వాడి వదిలేసిన లాప్‌టాప్ ముందేసుకుని, రెండు ఆదివారాలు భోజనాల బల్ల దగ్గర కూర్చుని పాటలు కలపడం నేర్చుకున్నాను. ఒక పాట సన్నగిల్లుతుంటే రెండోది దాని కిందనుంచి లేవాలి. తాళం కలవాలి. కలవకపోతే కాడికి కట్టిన ఎడ్లు చెరో వైపు లాగినట్టుంటుంది. ప్రతి అతుకుకీ ఎనిమిది సెకన్లు ఇచ్చాను. అరవై సినిమా పాటలు, కూడితే సరిగ్గా నాలుగు గంటలు వచ్చేలా చూసుకుని ఏరాను.

మొదటిరోజే రత్న లెక్క తప్పింది. సూదులు తీశాక ముఖంలో కాస్త కళ కనిపించింది. "చివర్లో ఆ పెద్దావిడ పాట ఎక్కడ సంపాదించారండీ? మా పెదపాడు వైపు ఊడుపుల్లో పాడే పాటలా ఉంది. మాటలు తెలియట్లేదు గానీ, అబ్బ, ఏం గొంతండీ!" అంది.

నేను అలాంటి పాట వేయలేదు. మగతలో ఏదో విని ఉంటుందిలే అని ఊకొట్టాను. మళ్లీసారీ అదే మాట. ఆ పై వారమూ అదే. ఆ పాట కోసమే వస్తున్నానండీ అనేది. మానేద్దాం అన్న మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. నాకు కావలసింది కూడా అదే.

ఓ నెల గడిచాక, పక్క మంచం మీద డయాలసిస్ చేయించుకునే చేపల చెరువుల రైతు ఒకాయన నన్ను బయట ఆపాడు. "ఏవండీ, మీ ఆవిడగారి ఇయర్‌ఫోన్లోంచి ఆ ఆఖరి పాట సన్నగా వినపడతందండి. కాస్త నా ఫోన్లోకి పంపుతారేంటండీ? చిన్నప్పుడు మా అమ్మ పాడేదండి."

బస్టాండులో కూర్చుని ఫోన్లో నేను కలిపిన ఆ పాటల ఫైలు నిడివి చూశాను. మూడు గంటల యాభై రెండు నిమిషాలు.

అప్పుడు వెలిగింది నా తెలివితక్కువతనం. అతుకు వేసిన ప్రతిచోటా ఎనిమిది సెకన్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. యాభై తొమ్మిది అతుకులకి ఎనిమిది నిమిషాలు పోయాయి. బస్తాకి ఇంత తరుగు అని చూడకుండా చెప్పగలిగినవాణ్ణి, పాటలకీ తరుగు ఉంటుందని తెలుసుకోలేకపోయాను. అంటే రోజూ చివరి ఎనిమిది నిమిషాలూ ఆమె చెవిలో ఏమీ మోగడం లేదు.

తర్వాతిసారి ఆఖర్న ఒక ఇయర్‌ఫోన్ అడిగి నా చెవిలో పెట్టుకున్నాను. చివరి పాట సన్నగిల్లి ఆగిపోయింది. ఫోన్ చూశాను, ఆగే ఉంది. రత్న కళ్లు మూసుకుంది. దుప్పటి కింద ఆమె కాలు తాళం వేస్తోంది. పక్క మంచం మీద ఆ రైతు వేళ్లు ఇనుప కడ్డీ మీద అదే తాళం వేస్తున్నాయి. నాకు మాత్రం ఏమీ వినపడలేదు.

"బాగుంది కదండీ?" అంది కళ్లు తెరవకుండానే. బాగుందన్నాను.

భయం వేసింది. ఇంటికొచ్చి ఇంకో రెండు పాటలు అతికి నాలుగు గంటలూ నింపేశాను. రెండు రోజుల తర్వాత, సూదులు తీస్తుంటే రత్న నా వైపు తిరిగి, "ఇవాళ ఆవిడ రాలేదేంటండీ?" అంది. పాట రాలేదనలేదు. ఆవిడ రాలేదంది. బస్సులో కిటికీకి తల ఆనించి కూర్చుంది. మళ్లీ వెళ్లాల్సిన రోజు పొద్దున్న గోడవైపు తిరిగి పడుకుని, "నేను రానండీ" అంది.

ఆమె మంచం పక్కనే కూర్చుని ఆ రెండు పాటలూ తీసేశాను. "పాతదే పెట్టాను, లే రత్నా" అన్నాను. కాసేపటికి లేచింది.

మొన్న కూడా వెళ్లొచ్చాం. ఆవిడెవరో, నాకొక్కడికే ఎందుకు వినపడదో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. ఇప్పుడు వినాలని ప్రయత్నించడం కూడా మానేశాను. చివరి పాట ఆగగానే దుప్పటి కింద రత్న కాలు వైపు చూస్తూ కూర్చుంటాను. అది కదిలేదాకా నాకు ఊపిరి ఆడదు.