మడిచిన చీటీ

చెంగ్డూలో పాంగ్ మాస్టారు రోజూ ఏదో ఒక హోటల్లో కారం నూడుల్స్ తిని, పులుసు చివరి చుక్క దాకా తాగి, గిన్నె కింద మడిచిన చీటీ పెట్టి లేచిపోతారు. ఆ హోటలు బోర్డు మీది ఇంగ్లీషుకు దిద్దుబాటు అందులో ఉంటుంది. పదిమందిలో చెప్తే యజమానికి తల కొట్టేసినట్టవుతుందని ఆయన ఈ పద్ధతి పెట్టుకున్నారు. డెబ్బై రెండేళ్ల మనిషి, జేబులో రెండు కళ్లజోళ్లు, చేతిలో కర్ర.

మొన్నామధ్య ఊరి చివరి పార్కులో, చెరువు మెట్ల దగ్గర ఆగిపోయారు. బోర్డు మీద చైనా అక్షరాలు "లోతు ఎక్కువ, దిగవద్దు" అంటుంటే, కింద ఇంగ్లీషు "జాగ్రత్తగా దిగండి" అంటోంది. వెళ్లి చెబితే, "కొత్త బోర్డుకి పదిరోజులు పడుతుంది తాతయ్యా" అంది పార్కు ఆఫీసు పిల్ల. ఆ పదిరోజులూ ఆయన మడతకుర్చీ, టీ ఫ్లాస్కు తెచ్చుకుని, ఆ ఇంగ్లీషు వాక్యం కనబడకుండా వీపు ఆనించి కూర్చున్నారు. అయినా దిగబోయిన విదేశీయులకు కర్ర అడ్డం పెట్టారు. కొత్త బోర్డు బిగిస్తుంటే జనం మూగారు. "పాతది ఏ తలమాసినవాడు రాశాడో!" అంది పిల్ల. మాస్టారు ఈసారి చీటీ తీయలేదు. లేచి నిలబడి, అందరికీ వినబడేలా అన్నారు: "నేనేనమ్మా, పదిహేనేళ్ల కిందట."