మందను ఆపినట్టు

మా బావ నాగయ్యది మోతె అనే పల్లె. పుట్టిందగ్గర్నుంచి గొర్రెల వెంట తిరిగిన మనిషి. ఆయన్ని 2010లో విమానాశ్రయం పనిలో పెట్టించింది నేనే. ఆ పాపం నాదే. మేపడానికి బీడు మిగల్లేదని మా అక్క ముత్తమ్మ పోరుతుంటే, నీడపట్టు పని అని నేను నమ్మబలికాను. తీరా చూస్తే అక్కడ నీడంటే విమానం రెక్క కిందే.

వెనక్కి వచ్చే బండ్లకు దారి చూపడం ఆయన పని. డ్రైవరు అద్దంలో కనబడేలా పక్కన నిలబడాలి. ఆపాలంటే చేతులు రెండూ తలమీద అడ్డంగా పెట్టాలి. మూడు రోజులు నేర్పారు. ఇంటికొచ్చి అక్కకు చేసి చూపించి తనే నవ్వేవాడు.

ఆ రోజు విమానంలోకి భోజనాలు తెచ్చే బండి వెనక్కి వస్తోంది. దాని దారిలో కిష్ట్యా అనే కూలీ వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. ఇంజన్ల మోతలో కేక వినబడదు. మంద చేలో పడబోతే ఏం చేస్తాడో బావ అదే చేశాడు. పరుగున పోయి, బండి వెనక చేతులు బార్లా చాచి నిలబడ్డాడు. గొర్రెలైతే ఆగేవి. డ్రైవరుకు ఆయన కనబడనే లేదు. కిష్ట్యా తప్పుకున్నాడు. చక్రం బావ మీదికెక్కింది. దవాఖానలో ఆయన కుడికాలు మోకాలి కిందికి తీసేశారు.

కంట్రాక్టరు మనిషి దవాఖానకు వచ్చాడు.

"నేర్పినం గదా. బండెనక ఎందుకు నిలవడ్డవ్?"

"గాడ మనిషున్నడు సార్," అన్నాడు బావ.

"మరి చేతులు తలమీద పెట్టాలె గదా."

కార్మికుడి పొరపాటని రాసిన కాగితం మీద బావ వేలిముద్ర వేశాడు. నేను పక్కనే ఉన్నాను, చదివాను, నోరు మెదపలేదు. నాదీ ఆ కంట్రాక్టరు కిందే ఉద్యోగం. సిగ్గుతో చచ్చిపోయాను, అంతే.

ఇప్పుడు మిగిలిన గొర్రెల్ని అక్కే తోలుతుంది. మొన్న నేను మోతెలో బస్సు దిగి వెళ్తుంటే, అక్క నీళ్లకు పోయిన సందులో మంద దొడ్డి తడిక తోసుకుని బయటపడింది. ఎదురుగా పక్కవాళ్ల నారుమడి. వాకిట్లో మంచం మీద కూర్చున్న బావ చేతులు రెండూ చాచాడు. గొర్రెలు మంచానికి అటూ ఇటూ చీలి వెళ్లిపోయాయి. నేను పరుగెత్తి చేరేసరికి సగం మడి తొక్కేశాయి.

తిరిగొస్తే బావ చేతులింకా చాచే ఉన్నాయి.

"గొర్లు గూడ ఆగుతలేవుర పరశురాములు," అన్నాడు.