మోకాళ్ళ నొప్పులవాళ్ళ దారి

నేను చదవడం నేర్చుకునేసరికి నా పిల్లల పెళ్ళిళ్ళు కూడా అయిపోయాయి. సూర్యాపేట మార్కెట్‌లో పగలంతా వడ్లు చెరిగి, సాయంత్రం చర్చి వరండాలో టీచరమ్మ దగ్గర అక్షరాలు దిద్దేదాన్ని. ఆమె కోదాడలో పుట్టింది. మా ఊళ్ళో పిల్లలకు సైన్సు చెప్పి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. సెలవు దొరికితే ఏదో ఒక గుట్ట ఎక్కడం ఆమెకు అలవాటు. రిటైరయ్యాక ఆ గుట్టల గురించి, ఏటి ఒడ్డు దారుల గురించి చిన్న చిన్న పుస్తకాలు రాసి, తానే అచ్చు వేయించి అమ్మడం మొదలుపెట్టింది. ఏ బస్సెక్కాలి, ఎక్కడ దిగాలి, ఏ బండ దగ్గర మళ్ళాలి, తాగే నీళ్ళు ఎక్కడుంటాయి, దిగి రావడానికి ఎంత పొద్దు ఉంచుకోవాలి, ఇవే ఆ పుస్తకాల్లో ఉండేవి. ఒక్కొక్కటీ చొక్కా జేబులో పట్టేంత.

మార్కెట్‌లో మాకు పని తగ్గిపోయినప్పుడు టీచరమ్మ నన్ను తన దగ్గరికి రమ్మంది. ప్రెస్సు నుంచి వచ్చిన కాగితాలు మడిచి, కుట్టి, అట్ట అంటించడమే నా పని అనుకున్నాను. అసలు పని వేరే ఉంది.

అచ్చుకు ఇచ్చేముందు ప్రతి పుస్తకాన్నీ ఆమె నాతో నడిపించేది. టైపు చేసిన కాగితాలు నా చేతికిచ్చి తాను వెనక వచ్చేది. నేను పైకి చదువుకుంటూ, అందులో ఉన్నట్టే నడవాలి. ఆమె నోరు విప్పకూడదు. అది ఆమె తనకు తాను పెట్టుకున్న నియమం. నేను ఎక్కడ ఆగిపోతే అక్కడ రాత సరిగా లేదని లెక్క.

"చదువుకున్నవాళ్ళు సగం చదివి సగం ఊహించుకుంటారు. నువ్వు అక్షరం అక్షరం చదువుతావు, అందుకే నిన్ను తెచ్చుకున్నాను," అనేది. అది పొగడ్తో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదట నడిచింది వాడపల్లి దగ్గర, మూసీ కృష్ణలో కలిసే చోటికి. మొదటి మలుపులోనే ఆగిపోయాను.

"టీచరమ్మా, ఎడమకు మళ్ళాలని రాసిండ్రు. ఎవలి ఎడమ? పోయేటోళ్ళదా, తిరిగొచ్చేటోళ్ళదా?"

ఆమె పలకలేదు. నేను గట్టు మీద కూర్చున్నాను.

"మీరు చెప్పేదాంక నేను లేవ."

చాలాసేపటికి ఆమే ఓడిపోయింది. "ఏమని రాయమంటావే మరి?"

"పడమర అని రాయుండ్రి. ఎటు తిరిగి నిలబడ్డా పడమర పడమరే ఉంటది గదా."

నవ్వింది గానీ మార్చింది. ఆ తర్వాత మా పుస్తకాల్లో ఎక్కడా కుడి ఎడమలు లేవు. హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు ముసురు పట్టిన రోజున పడమర ఎటో తెలియక ఎవరి మిరపతోటలోకో పోయి తిట్లు తిన్నారని తర్వాత విన్నాము.

పుస్తకాలు అమ్ముడుపోయేవి కావు. సూర్యాపేట బస్టాండ్ దగ్గర ఒక షాపులో, మిర్యాలగూడలో నోటుబుక్కులు అమ్మే ఒక దుకాణంలో పెట్టేవాళ్ళం. బస్టాండ్ షాపాయనకు మేము వెళ్తే చాలు, నోరు ఊరుకునేది కాదు.

"గుట్ట ఎక్కుడు గూడ బుక్కు సూసి నేర్వాల్నా టీచరమ్మా? మేకలకు ఎవలు నేర్పిండ్రు?"

"మేకలు చదవవు కాబట్టే నీ షాపు బతికిపోయింది. లేకపోతే నీ గైడ్లు మేతకే పనికొస్తాయని ఎప్పుడో నమిలేసేవి," అనేది టీచరమ్మ. అయినా ఆయన మా పుస్తకాలను కిందికి తోసెయ్యలేదు. పోటీ పరీక్షల గైడ్ల పక్కన దుమ్ము పట్టి ఉండేవి.

మునగాల దాటాక హైవే నుంచి కనబడే ఒక గుట్ట మీద ఆమెకు ప్రాణం. పైన బండ నడుమ గుంటలో ఎండాకాలం కూడా నీళ్ళుంటాయి. తెల్లారి వెళ్తే నెమళ్ళు కనబడేవి. ఆ గుట్టను కంకర క్వారీకి ఇమ్మని ఎవరో సర్కారును అడుగుతున్నారని ఒక ధాబాలో చాయ్ తాగుతుంటే విన్నాము. టీచరమ్మ గ్లాసు కింద పెట్టేసింది.

"ఎవరూ ఎక్కని గుట్టకు దిక్కెవరే? నలుగురు తిరిగే చోటైతే ముట్టుకోవడానికి జంకుతారు. ముందు జనాన్ని ఎక్కించాలి."

అప్పటి నుంచి ఆమెకు వేరే ఆలోచన లేదు. కుర్రాళ్ళు ఎక్కితే సరిపోదు, ముసలివాళ్ళు, పిల్లల తల్లులు కూడా ఎక్కాలంది. ఆమె మోకాళ్ళు అప్పటికే పాడయ్యాయి. ఆ మోకాళ్ళనే కొలతగా పెట్టుకుంది. ఎక్కడ నొప్పి లేస్తే అక్కడ ఆగి, వెనక్కి వచ్చి, చుట్టూ తిరిగి ఇంకో వాలు వెతికేది. చలికాలమంతా అలా వెతికాము. తూర్పు పక్క పొదల్లో, ఎప్పుడో బండ్లు తిరిగి వదిలేసినట్టున్న సాఫు నేల దొరికింది. చివరిసారి నేను కాగితం చదువుకుంటూ ఒక్కచోట కూడా ఆగకుండా పైదాకా వెళ్ళాను. నీళ్ళ గుంట పక్కన కూర్చుని ఆమె ఏడ్చింది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు కూడా ఎక్కగలిగే దారి అని అట్ట మీదే అచ్చు వేయించింది.

పుస్తకం వచ్చిన కొన్నాళ్ళకు తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన బండి మీద ఇంటికే వచ్చాడు. షాపులో ఒకటి కొన్నాడట, ఇంకా కావాలన్నాడు. పుస్తకం కోసం ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన మొదటి మనిషి. టీచరమ్మ కుర్చీ తుడిచి వేసింది. నేను చాయ్ పెట్టాను.

"నిజంగనే గింత సాపుగ ఉంటదా మేడం? బుక్కుల రాసినట్టు?"

"నేను ఎక్కాను కదండీ, ఈ కాళ్ళతో."

"ఇద్దరు పక్కపక్కన నడవొచ్చా?"

"ఇద్దరేంటి, ఎద్దుల బండి కూడా పోతుంది!"

ఒక తెల్లకాగితం మీద మలుపులన్నీ బొమ్మ గీసి మరీ ఇచ్చింది. ఆయన వినయంగా రెండు చేతులతో అందుకున్నాడు. ఆయన వెళ్ళాక ఆమె రెండో ముద్రణ గురించి మాట్లాడింది.

ఎండాకాలం నడిమిలో కోదాడ బస్సులో వెళ్తూ కిటికీలోంచి చూశాను. గుట్ట తూర్పు పక్క కింది నుంచి పైదాకా ఎర్రగా కోసినట్టుంది. బస్సు ఆపించి దిగి వెనక్కి నడిచాను. కొత్త మట్టి రోడ్డు. దాని మలుపులు నాకు నోటికి వచ్చు. చింతచెట్టు దగ్గర ఉత్తరానికి, జంట బండలు దాటాక మళ్ళీ పడమరకు. చింతచెట్టు లేదు. జంట బండలు లేవు. మలుపులు మాత్రం ఉన్నాయి. టిప్పర్లు దిగుతున్నాయి.

కర్ర పట్టుకున్న వాచ్‌మన్ అడ్డం వచ్చాడు. "ఏడికమ్మా? బ్లాస్టింగ్ ఉంది, ఇటు రావొద్దు."

"ఈ రోడ్డు ఎవలు ఏసిండ్రు బిడ్డా?"

"ఎవలేసేదేంది, మా సారోళ్ళే. మస్తు తిరిగిండ్రట, బండి ఎక్కే జాగ దొరకలే. మల్ల ఏదో బుక్కు దొరికిందట. అండ్ల దారంత రాసి ఉన్నదట."

అక్కడే మట్టి మీద కూర్చున్నాను. అతనే నీళ్ళిచ్చాడు.

ఇంటికి వచ్చి టీచరమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మర్నాడు ఆఫీసుల చుట్టూ తిరిగాము. క్వారీ కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయన్నారు. ఒకాయన కూర్చోబెట్టి మర్యాదగానే చెప్పాడు, "బండలే గదమ్మా, పంట పొలం గాదు." ఆ తర్వాత ఆమె బయటికి రావడం మానేసింది. మిగిలిన పుస్తకాలు షాపుల నుంచి వెనక్కి తెమ్మంది. తెచ్చాను. మిర్యాలగూడలో కొన్ని అప్పటికే అమ్ముడుపోయాయి.

పుస్తకం వెనక ఆమె ఫోన్ నంబరు ఉంటుంది. ఇప్పుడు ఆ ఫోన్ నేనే ఎత్తుతున్నాను. పోయిన ఆదివారం ఒకమ్మాయి చేసింది. మిర్యాలగూడ నుంచి భర్తతో, చిన్నపాపతో వచ్చిందట.

"ఆంటీ, ఇక్కడ గేటు పెట్టారు. పోనివ్వట్లేదు. ఇంకో దారి ఉందా?"

"లేదు బిడ్డా. ఆ గుట్ట ఖతమయింది. పాపను తీస్కొని ఎనక్కి పోండ్రి."

"అయ్యో. పోనీ, దగ్గర్లో ఇంకేదైనా గుట్ట చెప్తారా? పొద్దున్నే లేచి వచ్చాం."

స్పీకర్ పెట్టి ఉంది. దగ్గర్లో ఇంకో మంచి గుట్ట ఉంది. దాని పుస్తకం సగం రాసి ఉంది. నేను టీచరమ్మ వైపు చూశాను. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్న ఆమె తల తిప్పలేదు.

"చెప్పకు," అంది.

ఆ అమ్మాయి హలో, హలో అంటోంది. మాకేం తెలియదని చెప్పి ఫోన్ పెట్టేశాను.